మా ఇంట్లో లోటేమీ లేదు, మరి నాకెందుకిలా?

పాఠకురాలి ఉత్తరం

డాక్టరు గారికి నమస్కారం. నాకు 48 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె మాది. మావారికి కాలువ శివారులో నాలుగెకరాల పొలం ఉంది. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అమ్మాయికి పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. అప్పుల్లేవు. మావారికి తాగుడు లేదు, పేకాట లేదు. మూడేళ్ల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అన్నీ మంచం మీదే. నేనే చూసుకుంటున్నాను.

ఆరేడు నెలలుగా నాలో ఏదో తేడా వచ్చింది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. ఒకటే ఆలోచనలు. ఒళ్లంతా నొప్పులు, గుండె దడ. అన్నం సహించదు. లలితా సహస్రనామం చదువుతూ ఎక్కడున్నానో మర్చిపోతున్నాను, అమ్మవారికి కోపం వచ్చిందేమోనని భయం. ఊళ్లో డాక్టరు నీరసమని రెండుసార్లు సెలైను ఎక్కించాడు. ఆడపడుచు తన నిద్రమాత్రలు ఇచ్చింది, అప్పుడప్పుడు సగం వేసుకుంటున్నాను. ఏడేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా నెలసరి సరిగ్గా రావడం లేదు.

మావారు 'నీకేం తక్కువ? ఊరికే ఆలోచనలు పెట్టుకుంటావు, ధైర్యంగా ఉండు' అంటారు. నిజమే, లోటేమీ లేదు. మొన్న అత్తగారి మీద గట్టిగా అరిచాను. ఆవిడ త్వరగా వెళ్లిపోతే బాగుండు అనిపించింది, వెంటనే చెంపలు వేసుకున్నాను. ఒక్కోసారి నేనే నిద్రలో పోయినా బాగుండు అనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు కదా! ఇది జబ్బా, నా బలహీనతా? పిచ్చాసుపత్రికి వెళ్లాలా? దయచేసి పేరు, ఊరు వెయ్యకండి.

(నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాం.)

జవాబు

అమ్మా, ముందు ఆఖరి పేజీ సంగతి. షుగరు మాత్రల లెక్కకీ, సంక్రాంతికి అబ్బాయి వస్తున్నాడన్న కబురుకీ మధ్య ఇరికించి 'నేనే నిద్రలో పోయినా బాగుండు' అని ఒక్క ముక్క రాశారు. వెంటనే వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఈ ముక్క రాసినందుకు సిగ్గుపడకండి. బాగా అలిసిపోయిన మనిషికి ఇలాంటి ఆలోచన రావడం మేము రోజూ వినేదే. కానీ తేలిగ్గా తీసుకునేదీ కాదు. పోతే బాగుండు అనిపించడం వేరు, ఎలా పోవాలా అని ఆలోచించడం వేరు. రెండోది ఎప్పుడైనా వచ్చినా, ఇప్పటికే వచ్చి ఉన్నా, ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగొద్దు. మీవారిని పిలిచి చెప్పండి, 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకు మెలకువ వచ్చే మూడింటికి కూడా అవతల మనిషి ఉంటారు.

ఇక మీ ప్రశ్న. జబ్బా, బలహీనతా? మీరు రాసిన లక్షణాలు చూస్తే డిప్రెషన్ అని అనుమానించడానికి నాకు కావలసినన్ని కారణాలున్నాయి. తెల్లవారకముందే మెలకువ, ఆకలి పోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఒంట్లో నొప్పులు, తప్పు చేస్తున్నానన్న భావన, బతుకు మీద విసుగు. ఇలాంటివి రెండు వారాలు వరసగా, రోజులో ఎక్కువసేపు ఉంటేనే మేము జాగ్రత్తపడతాం. మీకు ఆరేడు నెలలుగా ఉన్నాయి. మనిషిని చూడకుండా ఉత్తరం మీద జబ్బు పేరు తేల్చడం పద్ధతి కాదు కాబట్టి అనుమానం అంటున్నాను. బలహీనత కాదని మాత్రం ఉత్తరం మీదే చెప్పగలను. మూడేళ్లుగా రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ లేచి ఒక పెద్దావిడని పక్కకి తిప్పుతున్న మనిషిని బలహీనురాలు అనడానికి నాకు నోరు రాదు. మూడేళ్లు మంచం మీదున్నా ఆవిడ ఒంటిమీద పుండు లేదని రాశారు. అది ఎంత పనో ఆసుపత్రి వార్డుల్లో పనిచేసినవాళ్లకి తెలుసు.

సహస్రనామం దగ్గర తప్పిపోవడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ధ్యాస నిలవకపోవడం ఈ జబ్బులో ఒక లక్షణం. జ్వరం వచ్చినవాళ్లకి నోరు చేదుగా ఉంటుంది, దానికి వంటని తప్పుపట్టం. అమ్మవారిని ఇందులోకి లాగకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటి ఉంది. మీ అత్తగారి మాత్రల టైములు మొదటి పేజీలో వరసగా రాశారు. ఆరింటికి బీపీ మాత్ర, ఎనిమిదింటికి జావ తాగాక రక్తం పలచబడే మాత్ర, అలా రాత్రి దాకా. మీవారు పొలం నుంచి ఎన్నింటికి వస్తారో ఉంది. అబ్బాయి ఫోన్ చేసే ఆదివారం టైము ఉంది, అక్కడికీ ఇక్కడికీ గంటల తేడాతో సహా. మీరు ఎన్నింటికి అన్నం తింటారో, ఎప్పుడు పడుకుంటారో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. రెండోసారి వెతికాను. లేదు.

'లోటేమీ లేదు' అని నాలుగుచోట్ల రాశారు. మీరు లెక్కపెట్టినవి అప్పు, తాగుడు, పిల్లల స్థిరపాటు. మంచి లెక్కే, కాదనను. అవి చెడితే మనసు చెడుతుంది. కానీ అవి బాగున్నంత మాత్రాన మనసు దానంతట అదే బాగుండిపోదు. మనసు అడిగేవి వేరే ఉంటాయి. వరసగా ఆరేడు గంటల నిద్ర అడుగుతుంది. నెత్తురులో ఉండాల్సినవి ఉండాలంటుంది. రోజులో ఒక గంటైనా నా ఇష్టం అనుకునే గంట కావాలంటుంది. లోపలి మాట వినే ఒక్క మనిషి కావాలంటుంది. చిన్నప్పుడు తిన్న దెబ్బలు కూడా దాని ఖాతాలోనే ఉంటాయి. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంలోనే, ఒళ్లూ మనసూ నలుగురితో బతుకూ మూడూ బాగుంటేనే ఆరోగ్యమని, జబ్బు లేకపోతే చాలదని రాసుకున్నారు. మానసిక ఆరోగ్యమంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండటం కాదు. మామూలు కష్టాలని తట్టుకోగలగడం, పని చేసుకోగలగడం, తనవాళ్లకి పనికిరావడం. ఈ లెక్కన చూస్తే మీరు ఇన్నాళ్లూ గట్టిగానే ఉన్నారు. ఇప్పుడు తట్టుకునే శక్తి తరుగుతోంది. ఎక్కడ తరుగుతోందో చూద్దాం.

ఒంటితో మొదలుపెడతాను. ఇందులో కొంత రక్తపరీక్షతో తేలిపోయేది, మా దగ్గరకి వచ్చేవాళ్లు తరచుగా దాటేసేది. మెట్‌ఫార్మిన్ మంచి మందు, మానకండి. కానీ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది. మీరు శాకాహారులమని కూడా రాశారు, బి12 ఎక్కువగా దొరికేది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో. అది తగ్గితే నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు అన్నీ వస్తాయి. థైరాయిడ్ మందగిస్తే అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది, వైద్యులే పొరబడతారు. రక్తం తక్కువైతే దడ, ఆయాసం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. పైగా మీకు నెలసరి ఆగిపోయే వయసు. ఈ నాలుగైదేళ్లలో హార్మోన్లు ఒడిదుడుకులవుతాయి, ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర తెగిపోవడం ఉంటాయి, డిప్రెషన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. కాబట్టి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, మూడు నెలల షుగరు సగటు, ఈ నాలుగూ చేయించండి. సెలైను సీసాలో ఉండేది ఉప్పునీళ్లు, కాకపోతే గ్లూకోజు నీళ్లు. వాంతులు, విరేచనాలు అయినవాడికి అది ప్రాణం పోస్తుంది. దిగులుకి ఏమీ చెయ్యదు. షుగరు ఉన్న మీకు గ్లూకోజు ఎక్కించారేమో అని నాకు అదొక బెంగ.

ఆడపడుచు ఇచ్చిన మాత్ర ఏమిటో పేరు రాయలేదు. మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగేది ఎక్కువగా ఆల్ప్రజోలం. మొదట బాగానే నిద్ర పట్టిస్తుంది. కొన్నాళ్లకి సగం చాలదు, ఒకటి కావాలి, తర్వాత అది లేనిదే కన్ను మూతపడదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఈ జాతి మందునే. అది మానాల్సి వచ్చినప్పుడు ఆ తాగేవాళ్లు పడే బాధ చూస్తే ఎవరూ ఈ మాత్రని చేబదులు ఇవ్వరు. మీరు అప్పుడప్పుడు సగమే అంటున్నారు కాబట్టి ఇక్కడితో ఆపి డాక్టరుకి చూపించండి. రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఇప్పుడు మూడో పేజీకి వస్తాను. అక్కడ రెండు సంగతులు అలా అనేసి వెళ్లిపోయారు. ఒకటి, అమ్మ మీ తొమ్మిదో ఏట పోయిందని, 'అది పాత సంగతి లెండి' అని. రెండు, ఇదివరకు మధ్యాహ్నం పూట అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లతో కలిసి లేసు అల్లేవారని, అత్తగారు మంచాన పడ్డాక మానేశారని.

1970లలో లండన్ దక్షిణాన కాంబర్‌వెల్ అనే చోట జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ అనే ఇద్దరు పరిశోధకులు మామూలు ఇళ్లలోని ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల బతుకుల్లో జరిగినవన్నీ ఓపిగ్గా విని రాసుకున్నారు. పెద్ద కష్టం వచ్చిన ఆడవాళ్లందరూ డిప్రెషన్‌లో పడలేదు. కొందరే పడ్డారు. ఆ కొందరిలో ఎక్కువగా కనబడినవి నాలుగు: మనసు విప్పి మాట్లాడుకునే దగ్గరి మనిషి లేకపోవడం, ఇంట్లో చిన్నపిల్లలు ముగ్గురో అంతకంటే ఎక్కువో ఉండటం, ఇల్లు దాటి చేసే పని లేకపోవడం, పదకొండేళ్లలోపే తల్లిని పోగొట్టుకోవడం. లండన్ వేరు, గోదావరి వేరు, కాలమూ వేరు. అయినా ఆ నాలుగూ చదివినప్పుడు నాకు మన ఇళ్లే కనిపిస్తాయి. తల్లి పోయిన ప్రతి పిల్లకీ ఇలా అవుతుందని కాదు. పోయాక ఆ పిల్లని ఎవరు, ఎలా చూసుకున్నారన్నదే ఎక్కువ ముఖ్యమని అదే పరిశోధకులు తర్వాత తేల్చారు. మిమ్మల్ని అమ్మమ్మ కడుపులో పెట్టుకుని చూసిందని రాశారు. ఆవిడకి దణ్ణం పెట్టుకోండి, మీ గట్టిదనంలో సగం ఆవిడదే అయ్యుండొచ్చు.

ఆ నాలుగింటిలో నన్ను కదిలించేది మాత్రం మొదటిదే, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేకపోవడం. మీ అరుగు మీద జరిగింది లేసు పని అనుకుని, పోతే పోయింది, పైసలు రాలేదు అనుకున్నారు. పోయింది పైసలు కాదు. చేతులు సూదీ దారం మీద ఉంటే నోళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. కోడలి మీద కోపం, మొగుడి మీద విసుగు, నడుంనొప్పి, పిల్లల ఫీజులు అన్నీ అక్కడ దిగిపోయేవి. ఎవరూ దాన్ని వైద్యం అనుకోలేదు. మూడేళ్ల కిందట మీకు ఒకేసారి రెండు జరిగాయి. బరువు పెరిగింది, బరువు దించుకునే చోటు పోయింది. మొదటిది అందరూ చూశారు. రెండోది మీరు కూడా చూడలేదు.

ఇక్కడే జింబాబ్వే సంగతి చెప్పాలి. అక్కడి షోనా భాషలో మనసు బాగోలేకపోవడాన్ని 'కుఫుంగిసిసా' అంటారు. అర్థం 'ఎక్కువ ఆలోచించడం'. మీవారు అన్నమాటే! ఆ దేశంలో అప్పట్లో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఒక పని మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రాల బయట చెట్టు కింద ఒక చెక్క బల్ల వేయించి, అమ్మమ్మల వయసు ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్లు చెప్పుకుంటారు, అవ్వ వింటుంది, ఇన్ని సమస్యల్లో ముందు ఏ ఒక్కటి పట్టుకుందాం అని అడుగుతుంది, దానికి ఏం చెయ్యొచ్చో ఇద్దరూ కలిసి తేలుస్తారు. అంతే. 2016లో దాని ఫలితాలు ప్రచురించారు, ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు ఆరు నెలల తర్వాత మామూలు వైద్యం అందినవాళ్ల కంటే చాలా మెరుగ్గా ఉన్నారు. నేను మొదటిసారి దాని గురించి విన్నప్పుడు మన అరుగులే గుర్తొచ్చాయి. కొత్త ఇళ్లకి అరుగులు కట్టడం మానేశాం, గేట్లు కడుతున్నాం. ఆ మాట ఇక్కడ అనవసరం, వదిలేయండి.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అని రాశారు. సామెత మంచిదే కానీ కథ సగమే గుర్తుపెట్టుకున్నాం. విభీషణుడు ముందు బయటికెళ్లి చెప్పలేదు. నిండుసభలో అన్నగారికే చెప్పాడు, ఒకసారి కాదు. విననిది ఇంట్లోవాళ్లు. లంకకి చేటు అక్కడ మొదలైంది.

అందుకని ఈ పేజీ మడిచి మీవారికివ్వండి. ఇక్కడ నుంచి కొన్ని ముక్కలు ఆయనకి.

అయ్యా, మీ ఆవిడకి ధైర్యం చెప్పడంలో మీ ఉద్దేశం మంచిదే. కానీ మీది శివారు పొలం కాబట్టి ఒకటి అడుగుతాను. నాట్లు వేశాక మీ చేలోకి నీళ్లు రాకపోతే చేను గట్టు మీద నిలబడి 'నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు' అంటారా? కాలువ గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. ఎక్కడ గుర్రపుడెక్క పట్టింది, ఎవరు తూము ఎత్తేశారు, ఎక్కడ గండి పడింది చూస్తారు. శివారు చేను ఎండటం చేను తప్పు కాదని మీకంటే బాగా ఎవరికి తెలుసు? మీ ఆవిడ సంగతీ అంతే. నిద్ర దగ్గర ఒక గండి ఉంది. మూడేళ్లుగా ఆవిడ వరసగా రెండు గంటలకి మించి పడుకోలేదు. అలా పడుకుంటే మీరైనా నేనైనా ఇలాగే అవుతాం. కాబట్టి ఇవాళ్టి నుంచి వారంలో మూడు రాత్రులు మీవి. ఎలా తిప్పాలో ఆవిడ ఒకసారి చూపిస్తుంది, వరి మోపు ఎత్తినవాడికి పెద్ద పని కాదు. ఆ మూడు రాత్రులూ ఆవిడ వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. మీ చెల్లెలు వచ్చినప్పుడల్లా సలహాలూ మాత్రలూ తెస్తోందట. రెండు నెలలకి ఒక వారం రాత్రులు తెమ్మనండి. తల్లి ఆవిడకి కూడా తల్లే. పగలు రెండు మూడు గంటలు కూలికి మనిషిని పెట్టుకోండి. అబ్బాయి అమెరికా నుంచి టీవీ కొనిస్తానన్నాడట, ఆ డబ్బు దీనికి పంపమనండి.

ఇంకొకటి. పొలం మందుల డబ్బాలు ఇంట్లోనో పశువుల పాకలోనో ఉంటే ఇవాళే తీసి తాళం వేసే చోట పెట్టి, తాళం మీ దగ్గర ఉంచుకోండి. ఆవిడ ఏదో చేస్తుందని కాదు. మనసు బాగోని మనిషి ఉన్న ప్రతి రైతు ఇంట్లోనూ నేనీ మాట చెప్తాను. ఆవిడని ఆసుపత్రికి మీరే తీసుకెళ్లండి, బయట బండి మీద కూర్చోకుండా లోపలికి వెళ్లండి. ఇంటికొచ్చాక ఏమీ అనకపోయినా పర్వాలేదు. ఆవిడ చెప్తుంటే వినండి, మధ్యలో పరిష్కారం చెప్పకుండా. మగవాళ్లకి ఇది కష్టమని నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉన్నారు.

అమ్మా, మళ్లీ మీతో. పిచ్చాసుపత్రికి వెళ్లాలా అన్నారు. విశాఖ చినవాల్తేరులో ఒకటి, హైదరాబాదు ఎర్రగడ్డలో ఒకటి ఉన్న పెద్దాసుపత్రుల పేర్లు చెప్పుకుని మన జనం తరతరాలుగా భయపడ్డారు, పిల్లల్ని భయపెట్టారు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. వైద్య కళాశాల ఉన్న ప్రతి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. కంటికీ పంటికీ చూపించుకున్నట్టే అక్కడా ఓపీ చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు. డాక్టరు మీతో కాసేపు మాట్లాడతారు. నిద్ర, ఆకలి, పుట్టింటివాళ్లలో ఎవరికైనా ఇలా ఉండేదా, చనిపోవాలనిపిస్తుందా అని అడుగుతారు. ఆ ఆఖరి ప్రశ్నకి నిజం చెప్పండి. వాడుతున్న మాత్రలన్నీ, ఆడపడుచు ఇచ్చినదాంతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం మీ హక్కు. మీ వివరాలు గుట్టుగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లది. బీమా ఉన్నవాళ్లకి మిగతా జబ్బులకి వర్తించినట్టే దీనికీ వర్తించాలని కూడా అందులో ఉంది.

మీరు ఒక్కరే ఇలా అనుకోకండి. బెంగళూరులోని కేంద్ర మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేశారు. పెద్దవాళ్లలో ప్రతి పదిమందిలో ఒకరికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వైద్యం కావాల్సినవాళ్లలో, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదు. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు, కానీ మనం వేరేగా ఉంటామని నేను అనుకోను.

మందులు రాస్తే భయపడకండి. డిప్రెషన్‌కి ఇచ్చే మందులు నిద్రమాత్రల్లాగా అలవాటుపడేవి కావు. వాటితో ఒక చిక్కుంది, పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారమో తలనొప్పో రావచ్చు. మేలు కనపడకముందే ఇబ్బంది కనపడుతుంది కాబట్టి చాలామంది పదో రోజున మానేస్తారు, 'వాడాను, పనిచెయ్యలేదు' అంటారు. నెలన్నర ఓపిక పట్టండి. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా మానాలి. మందు అవసరమా, మాట్లాడే వైద్యం చాలా, రెండూ కావాలా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు తేలుస్తారు. పూజలు చేసుకోండి, తొమ్మిది వారాలు గుడికి వెళ్లాలనుకుంటే వెళ్లండి. మాత్ర వేసుకుని వెళ్లండి, అంతే.

అత్తగారు త్వరగా వెళ్లిపోతే బాగుండు అనిపించిందని రాశారు. మీరు చెంపలు వేసుకున్నచోట నేను వేరే మాట చెప్పాలి. మంచం పట్టినవాళ్లని ఏళ్ల తరబడి చూసుకునే కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ ఈ ఆలోచన రాకుండా ఉన్నవాళ్లని నేను పెద్దగా చూడలేదు. ఆ మాటకి అర్థం ఆవిడ చావాలని కాదు, ఈ పని నుంచి ఒక్కరోజు సెలవు కావాలని. ఆ సెలవు దొరికితే ఆలోచన కూడా తగ్గుతుంది. ఆవిడ మీద అరిచినందుకు క్షమాపణ చెప్పాలనిపిస్తే చెప్పండి. ఆవిడకి మాట పడిపోయినా వినిపిస్తుందన్నారు కదా. చెయ్యి పట్టుకుని 'అలిసిపోతున్నాను అత్తయ్యా' అంటే అర్థం చేసుకుంటుందనే నా నమ్మకం. ఆవిడా ఒకప్పుడు తన అత్తగారిని చూసుకున్న కోడలే అయ్యుంటుంది.

మా అమ్మ కూడా మా నాయనమ్మని ఐదేళ్లు ఇలాగే చూసుకుంది. ఒక వేసవిలో సెలవులకి ఇంటికెళితే ఆ ఏడాది ఆవకాయ పెట్టలేదంది. కాయ బాగా లేదని చెప్పింది. నేను నమ్మాను. అప్పటికే సైకియాట్రీ చదువుతున్నదాన్ని! ఊరంతా జాడీలు నింపుకుంటుంటే కాయ మా ఇంటికే ఎందుకు బాగా లేదో అడగాలని నాకు తోచలేదు. మీ అబ్బాయికీ తోచదు. ఆదివారం ఫోన్‌లో 'బాగున్నా నాన్నా' అంటే బాగున్నారనే అనుకుంటాడు. వచ్చే ఆదివారం ఒక్క నిజం చెప్పండి, అన్నీ చెప్పక్కర్లేదు. 'నిద్ర పట్టడం లేదురా, డాక్టరుకి చూపించుకుంటున్నాను' అంటే చాలు.

లేసు సంగతి మిగిలింది. మీరు అరుగు దగ్గరికి వెళ్లలేకపోతే అరుగుని మీ ఇంటికి పిలవండి. అత్తగారి మంచం ముందు గదిలోకి మార్చి, మధ్యాహ్నం రెండింటికి ఆ ఆడవాళ్లని మీ వసారాలో కూర్చోమనండి. పెద్దావిడకి కూడా నాలుగు మాటలు వినబడతాయి, మూడేళ్లుగా గోడలు చూస్తోంది. మొదట్లో మీకు అల్లబుద్ధి కాదు, వాళ్లు వస్తే విసుగ్గా కూడా ఉంటుంది. మనసు బాగుపడ్డాక మొదలుపెడదాం అనుకోకండి. ఈ జబ్బులో ముందు చెయ్యి కదలాలి, ఆ తర్వాతే మనసు కదులుతుంది. మొదటి వారం సూది పట్టుకోకపోయినా సరే, పక్కన కూర్చోండి. రెండు వరసలు అల్లి పక్కన పెట్టేసినా సరే.

పరీక్షలు ఈ వారంలో, డాక్టరు పై వారంలో. ఉత్తరం మధ్యలో అత్తగారి కోసం లేవాల్సి వచ్చిందని, అందుకే నాలుగో పేజీలో చేతిరాత మారిందని, క్షమించమని రాశారు. రిపోర్టులు వచ్చాక ఒక కార్డు ముక్క రాయండి. ఈసారి అత్తగారి మాత్రల టైములు వద్దు. మీరు ఎన్నింటికి తిన్నారో, ఎంతసేపు పడుకున్నారో రాయండి.